కాపీకి ఖర్చు లేని సరుకు

1969 జూన్ 23న ఐబీఎం ఒక ప్రకటన చేసింది. అప్పటిదాకా ఆ కంపెనీ దగ్గర కంప్యూటర్ అద్దెకు తీసుకున్నవాళ్లకి ప్రోగ్రాములు, వాటిని వాడటం నేర్పే మనిషి, ఇబ్బంది వస్తే వచ్చి చూసే ఇంజనీరు, అన్నీ ఆ అద్దెలోనే వచ్చేవి. ఇకమీదట వాటిలో కొన్నింటికి విడిగా బిల్లు వేస్తామన్నది ఆ ప్రకటన సారాంశం. అదే ఏడాది జనవరిలో అమెరికా న్యాయశాఖ ఐబీఎం మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. మెషీన్‌తో పాటు అన్నీ కలిపి అంటగట్టి పోటీదారులకు చోటు లేకుండా చేస్తున్నదన్నది అందులో ఒక ఆరోపణ. పదమూడేళ్లు సాగిన ఆ కేసును 1982లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ మాత్రం విడిగా అమ్ముకునే సరుకైపోయింది.

అమ్మకం మొదలైంది మొదలు తగువూ మొదలైంది. దానికి ధర ఎంత, ఎవరు కట్టాలి? రాసినవాడి కష్టానికి ఖరీదు కట్టి తీరాలన్నవాళ్లు కొందరు. తెలివికి తాళం వేయడం తప్పన్నవాళ్లు కొందరు. ఇదంతా కరెంటు, నీళ్ల పంపు లాంటి మామూలు వసతే, దీని గురించి ఇంత హడావుడి దేనికన్నవాళ్లు ఇంకొందరు. వీళ్ల వాదనల్ని పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచింది చెబుతాను. సాఫ్ట్‌వేర్ రాయడానికి అయిన ఖర్చుకీ, దానికి పలికే ధరకీ ఏనాడూ పొంతన లేదు. దాని పక్కన కొరతగా ఉండే వస్తువు ఇంకొకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఎవరి గుప్పిట్లో ఉంటే డబ్బు వాళ్లకి చేరుతుంది. 1969కి ముందు ఆ వస్తువు మెషీన్. ఆ తర్వాత అది చాలాసార్లు మారింది.

అర్థశాస్త్రం చదివినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. పోటీ గట్టిగా ఉన్న చోట సరుకు ధర, మరొకటి తయారు చేయడానికయ్యే ఖర్చు దాకా దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మొదటి కాపీకి కోట్లు అవుతాయి, రెండో కాపీకి సున్నా. అంటే దాన్ని దాని మానాన వదిలేస్తే ధర సున్నా వైపే జారుతుంది. కార్ల్ షాపిరో, హాల్ వేరియన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990ల చివర రాసిన ‘ఇన్ఫర్మేషన్ రూల్స్’ పుస్తకం అంతా ఈ జారుడును ఆపుకునే ఉపాయాల గురించే. ఒకే సరుకును రకరకాల పేర్లతో రకరకాల ధరలకు అమ్మడం, వాడేవాడు వదిలి వెళ్లలేనట్టు చేయడం, పదిమందీ వాడుతున్నారు కాబట్టి పదకొండోవాడూ వాడక తప్పని పరిస్థితి తేవడం. వేరియన్ ఆ తర్వాత గూగుల్‌కి ముఖ్య ఆర్థికవేత్త అయ్యాడు. పుస్తకంలో రాసిందాన్ని చేసి చూపించే చోటికే వెళ్లాడన్నమాట.

మొదటి కాపీకి ఎంతవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేకపోవడం రెండో చిక్కు. ఐబీఎం సిస్టమ్/360 మెషీన్ల కోసం ఓఎస్/360 రాయించిన ఫ్రెడ్ బ్రూక్స్, తాను పడ్డ పాట్లన్నీ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’గా రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్త మనుషుల్ని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చాడు. లెక్క చిన్నదే. ఐదుగురు పనిచేసే చోట ఇద్దరిద్దరి మధ్య మాటామంతీకి 10 దారులుంటాయి. యాభైమంది అయితే 1,225. మనిషి-నెలల లెక్కన ఎస్టిమేట్లు వేసే మన కంపెనీల్లో ఈ సూత్రం వినని మేనేజరు ఉండడు. శుక్రవారం సాయంత్రం కాల్‌లో క్లయింటు గొంతు పెంచితే ‘ఇంకో నలుగురు రిసోర్సుల్ని ఆన్‌బోర్డ్ చేస్తున్నాం’ అనని మేనేజరూ ఉండడు.

ధర గురించి మొదటి గట్టి వాదన 1976 ఫిబ్రవరి 3 నాటి ఒక ఉత్తరం. రాసింది ఇరవై ఏళ్ల బిల్ గేట్స్. ఆల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటర్‌కి ఆయనా, ఆయన మిత్రుడు పాల్ ఆలెన్, మరో కుర్రాడూ కలిసి బేసిక్ భాషను సిద్ధం చేశారు. అది కాగితపు టేపు మీద వచ్చేది. ఔత్సాహికులు ఒక టేపు కొని పదిమందికి కాపీలు తీసి పంచుకునేవాళ్లు. వచ్చిన రాయల్టీని పడ్డ కష్టంతో భాగిస్తే గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదని, ఇది దొంగతనమని, ఏమీ రాకపోతే వృత్తి పనితనంతో ఎవడు రాస్తాడని గేట్స్ వాదన.

కూలి గిట్టాలన్న మాటలో తప్పేముంది? అయితే గేట్స్ కోటీశ్వరుడైంది మాత్రం కాపీలు ఆపడం వల్ల కాదు. 1981లో మైక్రోసాఫ్ట్ సియాటిల్‌లోని ఒక చిన్న కంపెనీ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన 86-డాస్‌ను లక్ష డాలర్ల లోపు ధరకే పూర్తిగా కొనేసి, ఐబీఎం పీసీకి ఇచ్చింది. ఇస్తూనే, మిగతా కంపెనీలకు అమ్ముకునే హక్కు తన దగ్గరే అట్టిపెట్టుకుంది. ఐబీఎం పీసీకి నకళ్లు తయారుచేసే కంపెనీలు పుట్టుకొచ్చాక మెషీన్ చవకైపోయింది, డాస్ తప్పనిసరైంది. ఆ తర్వాత ఆ తయారీదారులతో చేసుకున్న ఒప్పందాల తీరు ఇంకా గడుసుది. డాస్ వేసినా వేయకపోయినా, బయటికి వెళ్లే ప్రతి మెషీన్ మీదా ఇంతని కట్టాలి. 1994లో న్యాయశాఖతో రాజీ కుదిరేదాకా ఆ పద్ధతి సాగింది. అప్పుడిక వాడేవాడు కాపీ కొట్టినా పెద్ద నష్టం లేదు. 1998లో గేట్స్ స్వయంగా చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మనదే దొంగిలించనివ్వండి, అలవాటు పడతారు, వసూలు సంగతి తర్వాత చూసుకోవచ్చని అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన అర్థశాస్త్రం ఎంత ముదిరిందో చూడండి.

మన ఊళ్లలో ఆ రోజుల్లో అసెంబుల్డ్ మెషీన్ కొంటే విండోస్, ఆఫీస్ ‘వేసి ఇవ్వడం’ షాపువాడి మర్యాద. డబ్బు అడిగితేనే తప్పు పట్టేవాళ్లం. ఆ మర్యాదకు ఎంత చెల్లించామో తెలియాలంటే ఏదైనా డీటీపీ సెంటర్‌లో కాసేపు కూర్చోవాలి.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు వేసే ఆ గదిలో ఇప్పటికీ ఒక పాత మెషీన్ మీద పేజ్‌మేకర్ 7 నడుస్తుంటుంది. అది 2001 నాటిది. అడోబీ దాని అభివృద్ధిని 2004లోనే ఆపేసింది. తెలుగు కోసం పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్. ఆపరేటర్ వేళ్లు యాపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడి ఉంటాయి. చూడకుండా పేజీలకు పేజీలు కొట్టేస్తాడు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ముక్కలుగా ఉంటాయి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట. అవన్నీ ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో కూర్చుంటాయి. ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఆ గందరగోళమే కనిపిస్తుంది. అందులో వెతకలేం, అక్షరక్రమంలో పేర్చలేం, ఫోన్లో చదవలేం.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పితో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు లోకం కదల్లేదు, ఎందుకంటే పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అడోబీ కొత్త ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌కి మారాలంటే నెలనెలా అద్దె కట్టాలి, కొత్త కీబోర్డు నేర్చుకోవాలి. అన్నిటికీ మించి ఇరవై ఏళ్ల పాత ఫైళ్లు మార్చుకోవాలి. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చాక వత్తులు ఎగిరిపోయిన చోట్లు, పొల్లులు అతుక్కున్న చోట్లు మనిషి కూర్చుని దిద్దాలి. మూడొందల పేజీల నవలకు ఆ దిద్దుబాటు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పేజీకింతని తీసుకునే ఆపరేటర్ పెట్టుకోడు. వెయ్యి కాపీలు అమ్ముడుపోతే పండగ చేసుకునే ప్రచురణకర్త అంతకన్నా పెట్టుకోడు. దాంతో రెండు మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాల మూలప్రతులు అలాగే చిక్కుబడి ఉన్నాయి. షాపిరో, వేరియన్ చెప్పిన ‘వదిలి వెళ్లలేని స్థితి’ ఇదే. ఉచితంగా వచ్చిన కాపీకి ఖరీదు ఇలా కట్టాం. ఇక్కడ కొరత వస్తువు ప్రోగ్రాము కాదు, ఫైలు ఫార్మాట్.

గేట్స్ వాదనకు ఎదురు వాదన 1983 సెప్టెంబరులో వచ్చింది. ఎంఐటీలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్, వాడేవాడికి కోడ్ చదివే, మార్చే, పంచే హక్కులుండే ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టాడు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఆయన పట్టుదలకు చట్టరూపం. నా కోడ్ తీసుకుని మార్చి పంచావా, నీ మార్పుల్నీ ఇదే షరతు మీద పంచాలి. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాడు. 1997లో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్, చూసే కళ్లు చాలినన్ని ఉంటే లోపాలు దాగవన్నాడు.

స్టాల్‌మన్‌ది నీతివాదం, రేమండ్‌ది పనితనపు వాదం. వీళ్లిద్దరూ చెప్పని సంగతి 2002లో జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్ చెప్పాడు. కంపెనీలు ఇలా కోడ్ తెరిచి పంచే ఓపెన్ సోర్స్‌కి డబ్బు పెడుతున్నది దానధర్మంగా కాదు, తాము అమ్మే సరుకుకి జోడీగా కావలసిన సరుకును చవక చేయడానికి. ఈ ఒక్క తాళంచెవితో చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఐబీఎం లినక్స్ మీద వంద కోట్ల డాలర్లు పెడతానంది, ఎందుకంటే అది అమ్మేది సర్వర్లూ కన్సల్టింగూ. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత చవకైతే దానికంత మేలు. అదే ఐబీఎం 2019లో రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. గూగుల్ ఆండ్రాయిడ్‌ను ఉచితంగా ఇచ్చింది, ఎందుకంటే అది అమ్మేది ప్రకటనలు. ఉచితంగా ఇచ్చినదాని చుట్టూ ఏ షరతులు కట్టిందన్నదే తర్వాత గొడవైంది. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ అందుకే గూగుల్ మీద 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

మైక్రోసాఫ్ట్ కథ మరీ రుచికరం. 2001లో అప్పటి సీఈఓ స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో సీఈఓ అయిన సత్య నాదెళ్ల ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ప్రేమ అని తెర మీద చూపించాడు. 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నాడు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడి మంచితనమని మనం సంబరపడవచ్చు గానీ, కారణం మైక్రోసాఫ్ట్ క్లౌడ్ వ్యాపారం అజూర్. మెషీన్లు అద్దెకిచ్చే వ్యాపారంలోకి దిగినవాడికి ఆ మెషీన్ల మీద ఏ సిస్టమ్ నడిచినా అద్దె వస్తుంది. బాల్మర్‌ది మొండితనమూ కాదు, నాదెళ్లది హృదయ పరివర్తనా కాదు. కొరత వస్తువు చోటు మారింది, అంతే.

ఈ లెక్కల్లో కోడ్ రాసిన మనిషి ఎక్కడా లేడని గమనించారా? 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు తెలిసింది, ప్రపంచంలో బ్యాంకులు, దుకాణాలు నమ్ముకున్న భద్రతా ప్రోగ్రాము ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గర ఉన్నాయని. 2021 డిసెంబరులో లాగ్4జె అనే మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో పెద్ద లోపం బయటపడింది. 2024 మార్చిలో జరిగింది ఇంకా భయంకరమైనది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రామును ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకుంటూ, అలసిపోయి ఉన్నాడు. ఒక మారుపేరు వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణ హక్కులు తెచ్చుకుని, లినక్స్ సర్వర్లలోకి దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన టెస్ట్ మెషీన్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని కూపీ లాగకపోతే అది ప్రపంచమంతా పాకేది. చూసే కళ్లు చాలినన్ని ఉంటే అన్న రేమండ్ మాట తప్పు కాదు. ఆ కళ్లకి జీతం ఎవరిస్తారో ఆయన చెప్పలేదు, గేట్స్ 1976లో అడిగింది సరిగ్గా అదే. ఇద్దరి మధ్యా ఆ బాకీ ఇంకా తీరలేదు.

కొన్ని కంపెనీలు ఆ బాకీని లైసెన్సు మార్చి రాబట్టాలని చూశాయి. తాము రాసిన కోడ్‌ను అమెజాన్ లాంటి క్లౌడ్ కంపెనీలు అద్దెకిచ్చి సొమ్ము చేసుకుంటున్నాయని 2018లో మోంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్ తమ షరతులు బిగించాయి. బిగించిన దాదాపు ప్రతిసారీ అవతలివాళ్లు పాత కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు. ఎలాస్టిక్, రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి వచ్చాయి.

మామూలు వాడుకరులకు తగిలిన మార్పు నెలవారీ అద్దె. 2013లో అడోబీ ఇకమీదట డబ్బా కొనుక్కోవడం ఉండదు, చందా కట్టాల్సిందేనంది. 2023 చివర్లో డేటా సెంటర్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎమ్‌వేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి పెద్ద పెద్ద డేటా సెంటర్లకే చెమటలు పట్టించింది. చందా అంటే మండిపడేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. ప్రోగ్రాము ఒకసారి రాసి వదిలేసే వస్తువు కాదు, చుట్టూ ఉన్నవి మారుతుంటే దాన్నీ మారుస్తూ ఉండాలి, ఆ పనికి నెలనెలా డబ్బు అడగడం న్యాయమే. అన్యాయం ఎక్కడుందంటే, నాకు ఈ పాతదే చాలు అని ఆగిపోయే హక్కు పోయింది. పేజ్‌మేకర్ 7తో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన డీటీపీ ఆపరేటర్‌కి ఉన్న ఆ హక్కు, ఇప్పటి ఫొటోషాప్ వాడే కుర్రాడికి లేదు.

ఇన్ని కోట్లు పారుతున్నా లోకానికి ఒరిగిందేమిటని అడిగినవాళ్లూ ఉన్నారు. 1987లో, నోబెల్ అందుకున్న ఏడాదే, ఆర్థికవేత్త రాబర్ట్ సోలో కంప్యూటర్ల యుగం ఉత్పాదకత గణాంకాల్లో తప్ప అన్నిచోట్లా కనిపిస్తోందని చురక వేశాడు. దానికి చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో చెప్పిన సమాధానం నాకిప్పటికీ అన్నిటికన్నా నచ్చుతుంది. కరెంటు వచ్చాక కూడా అమెరికా ఫ్యాక్టరీల ఉత్పాదకత పెరగడానికి సుమారు నలభై ఏళ్లు పట్టింది. ఆవిరి యంత్రం ఉన్నచోటే పెద్ద మోటారు పెట్టి, అవే పొడవాటి ఇరుసులతో, బెల్టులతో మరలన్నీ తిప్పినంతకాలం లాభం లేదు. ప్రతి మరకీ చిన్న మోటారు పెట్టి, షెడ్డునే కొత్తగా కట్టుకున్నాక ఫలితం వచ్చింది. మన ఆఫీసుల్లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, దాని ప్రింటు తీసి, గెజిటెడ్ అధికారి సంతకం చేయించి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించడం చూస్తే ఇంకా ఇరుసులూ బెల్టుల దశలోనే ఉన్నామనిపిస్తుంది.

2003లో రచయిత నికొలస్ కార్, అందరికీ దొరికే కంప్యూటర్లతో ఏ కంపెనీకీ ప్రత్యేక లాభం ఉండదని, అది కరెంటులాగే అయిపోతుందని రాసి పరిశ్రమంతటి చేతా తిట్లు తిన్నాడు. మూడేళ్లకే అమెజాన్ గంటల లెక్కన సర్వర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. కరెంటులాగే అన్న సగం ఆయన చెప్పినట్టే జరిగింది. 2011లో మార్క్ ఆండ్రీసెన్, సాఫ్ట్‌వేర్ ప్రపంచాన్ని తినేస్తోందని రాశాడు. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవాడు. ఆ వ్యాసాన్ని జోస్యంగా కన్నా, కరపత్రంగా చదవడం మేలు.

ఇప్పుడు మన సంగతి. తెలుగువాళ్లు ఈ పరిశ్రమలోకి వచ్చింది కాపీలు అమ్మడానికి కాదు, గంటలు అమ్మడానికి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లడం, 1991 తర్వాత సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు, 2000 సంవత్సరం సమస్య, 1998లో హైటెక్ సిటీ సైబర్ టవర్స్, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, బెంచి, బిల్లింగు, ఆన్‌సైటు. ఇదంతా తెలిసిన కథే. దీన్ని కోడింగ్ కూలి అని, మనవాళ్లు ఒక్క విండోస్ కూడా తయారుచేయలేదని ఎద్దేవా చేయడం ఒక ఫ్యాషన్. ఆ ఎద్దేవాలో నాకు లెక్క తప్పు కనిపిస్తుంది. కాపీలు అమ్మే కంపెనీ ఆదాయం రెట్టింపు కావడానికి మనుషుల్ని రెట్టింపు చేయనక్కర్లేదు, అందుకే ఆ డబ్బు కొద్దిమంది దగ్గర పోగవుతుంది. గంటలు అమ్మే కంపెనీ ఆదాయం పెరగాలంటే మనుషుల్ని తీసుకోక తప్పదు. తెనాలి, భీమవరం, కరీంనగర్, అనంతపురంలలో ఇంజనీరింగ్ చదివిన లక్షలమందికి జీతాలు వచ్చింది ఆ ‘లోపం’ వల్లే. అప్పులు తీరాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, ఊళ్లో ఎకరం ధర కూడా పెరిగింది.

అయితే గంటకు ధర పలికేది మనిషి కొరతగా ఉన్నంతవరకే. ఆ కొరత ఇప్పుడు రెండు వైపుల నుంచి తరుగుతోంది. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేలమందిని తగ్గిస్తామంది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఏఐతో మీ పని తేలికైంది కదా, రేటు తగ్గించండి అని క్లయింట్లు అడుగుతున్నారు.

ఏఐ విషయంలో అందరూ ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నారు గానీ, ధర గురించి ఒక విచిత్రం జరిగింది. రెండో కాపీకి ఖర్చు సున్నా అన్న పాత నియమం దానికి వర్తించదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ చిప్పు అరగాలి, కరెంటు కాలాలి. ‘టోకెన్ల’ (మాటల ముక్కల) లెక్కన బిల్లు అంటే 1960ల నాటి మెషీన్ అద్దె పద్ధతి మళ్లీ వచ్చినట్టే. కొరత వస్తువు మళ్లీ మెషీన్. అందుకే ఇప్పటికి ఎక్కువ లాభం కళ్లజూసింది మోడళ్లు తయారుచేసేవాళ్లు కాదు, చిప్పులు తయారుచేసే ఎన్‌విడియా. తన చిప్పుల్ని వాడే ‘కూడా’ (CUDA) అనే సాఫ్ట్‌వేర్‌ను 2007 నుంచీ ఉచితంగా ఇస్తూ వచ్చింది. స్పోల్‌స్కీ సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. మెటా తన లామా మోడళ్లను పంచిపెట్టిందీ అందుకే. దాని సరుకు ప్రకటనలు, మోడల్ జోడీ సరుకు. 2025 జనవరి 27న చైనా కంపెనీ డీప్‌సీక్ చవక మోడల్ వార్తతో ఎన్‌విడియా మార్కెట్ విలువ ఒక్కరోజే సుమారు 59 వేల కోట్ల డాలర్లు పడిపోయింది. మెషీన్ కొరత తీరిపోతుందేమోనన్న భయానికి అంత ఖరీదు.

కోడ్ రాసే పని పోతుందా అన్నదానికి బ్రూక్స్ 1986లోనే సగం జవాబిచ్చాడు. ప్రోగ్రామింగ్‌లో కష్టం రెండు రకాలు, ఏం కావాలో తేల్చుకోవడం ఒకటి, దాన్ని మెషీన్‌కి రాయడం రెండోది. రెండోదాన్ని ఎంత తేలిక చేసినా మొదటిది అలాగే ఉంటుంది. చవకైతే వాడకం పెరుగుతుంది, ఉద్యోగాలూ పెరుగుతాయి అన్నవాళ్ల మాటా కొంత నిజమే. కానీ మన కంపెనీలు గంటలు అమ్మింది ఎక్కువగా ఆ రెండో రకం కష్టానికి. క్లయింటుకి ఏం కావాలో తేల్చే పని అవతలి ఒడ్డునే ఉండిపోయింది. అక్కడికి చేరిన తెలుగువాళ్లకు భయం లేదు. టెస్టింగ్, సపోర్ట్ టికెట్లు, మెయింటెనెన్స్ మీద బతికే మధ్య మెట్టు మనుషులకే దెబ్బ. దాన్ని ఉత్సాహపు మాటలతో కప్పిపుచ్చడం దగా.

ఉచితం అనిపించే ప్రజా సాఫ్ట్‌వేర్‌కీ ఇదే సూత్రం. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాల నుంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద దుకాణదారుకి రుసుము లేదు. బ్యాంకులకు ప్రభుత్వం కొంత ప్రోత్సాహకం ఇస్తుంది, మిగతా ఖర్చు బ్యాంకులు భరిస్తాయి. ఫోన్‌పే, గూగుల్ పే కలిసి సుమారు ఎనభై శాతం లావాదేవీలు పట్టుకుని, అప్పులూ బీమాలూ అమ్మే దారి చూసుకుంటున్నాయి. లేఖినిలో టైపు చేసుకునేవాళ్లకి, తెలుగు వికీపీడియా చదివేవాళ్లకి మాత్రం ఏ దొంగ షరతూ లేదు. అవి నిజంగా కానుకలు. కానుకల మీద ఒక భాష అచ్చు వ్యవస్థ మొత్తం నిలబడాలనుకోవడం మాత్రం ఆశ.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఈ చర్చలో నేరుగా చేయగలిగింది ఒకటుంది. కేంద్రం 2015లోనే ప్రభుత్వ కొనుగోళ్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలని, ప్రభుత్వ ప్రోగ్రాముల కోడ్‌ను తెరిచి పంచుకోవాలని విధానాలు ప్రకటించింది. తెలంగాణ భూముల రికార్డులు 2020లో ధరణి పోర్టల్‌లోకి వెళ్లాయి. నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండటం నాలుగేళ్లు రాజకీయ వివాదమై, 2024 చివర్లో దాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి అప్పగించారు. ప్రైవేటు చేతుల్లో ఇలా చిక్కుకోవడం తెలంగాణకే పరిమితమైన ముప్పు కాదు, ఆంధ్రలోనూ పోర్టళ్లు తక్కువేం లేవు. ఇకమీదట పిలిచే ప్రతి సాఫ్ట్‌వేర్ టెండరులోనూ కోడ్ ప్రభుత్వానిదే, డేటా యూనికోడ్ తెలుగులో ఎవరైనా చదవగల ఫార్మాట్‌లో ఉండాలి, కాంట్రాక్టు ముగిసిన రోజున రెండూ కాగితాలతో సహా అప్పజెప్పాలి అన్న మూడు షరతులు రాయించండి. అవి లేని టెండరు మీద ఆర్థిక శాఖ సంతకం పెట్టకూడదు.